బుల్లెమ్మ పురిటిగది

ఫిబ్రవరి 9, 1997. ఆదివారం

మళ్ళీ కోపం ఆపుకోలేకపోయాను.

నాసర్ తన స్నేహితులు ముగ్గుర్ని తీసుకొచ్చి కొమ్ములయ్య పంజరం ముందు అద్దం పెట్టాడు. అద్దంలో ఉన్నది ఇంకో మగ ఊసరవెల్లి అనుకుని కొమ్ములయ్య ఒళ్ళంతా పలకలా చదును చేసి, నోరు తెరిచి, మూడు కొమ్ములూ ముందుకు పెట్టి ఊగిపోతోంది. ఆకుపచ్చ ఒంటి మీద నల్లటి చారలు. వాళ్ళకది సర్కసు. ఆ సమయంలో దాని గుండె ఎలా కొట్టుకుంటుందో చేత్తో పట్టుకున్నవాడికి తెలుస్తుంది. వెళ్ళి అద్దం లాక్కున్నాను. నాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ కొడుకు చేతిలోంచి.

 నాసర్ నవ్వాడు. "ఇస్‌కా బాప్ ఆగయా," అన్నాడు స్నేహితులతో, దీని నాన్నొచ్చాడని, నాకు అర్థం కావాలని హిందీలో.

అస్కర్ కూలీల క్యాంపులో నేను ఫోర్‌మన్ కాలర్ పట్టుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. తోటమాలి దేవన్న ఈ కఫీల్‌ను బతిమాలి, సఖీర్ దారిలో ఉన్న ఈ తోట బంగళాలో నన్ను పెట్టించి నాలుగు నెలలైంది. కాగితాల మీద హౌస్‌బాయ్‌ని. చేసేది ఆఫ్రికా కొండల మీంచి విమానంలో వచ్చిన రెండు ఊసరవెల్లులకు చాకిరీ. అవీ నేనూ ఒకే వారంలో దిగాం ఇక్కడ.

వంటింట్లో సత్యక్కకు చెబితే మెచ్చుకుంటుందనుకున్నాను.

"కోపం నీ ఒక్కడి సొమ్మనుకుంటున్నావా తమ్ముడూ?" అంది చేప పొలుసు గీకుతూ. "నీకు కోపమొస్తే దేవన్నగారు తల దించుకోవాలి, నేను మూట సర్దుకోవాలి. మా ఇంటి మీద కప్పు లేదు. అది పడేదాకా ఓర్చుకో. ఆ తర్వాత ఎవడి కాలర్ కావాలంటే వాడి కాలర్ పట్టుకో. నేనూ ఓ చెయ్యేస్తాను."

మొన్న నవంబరు తుపానుకు కోనసీమలో వాళ్ళ ఇల్లు పోయింది. మొగుడు లోవరాజు కొబ్బరి దింపు తీసేవాడు. ఇప్పుడు ఎక్కడానికి చెట్లే లేవు. ఆయనా పాపా టార్పాలిన్ పరదా కింద ఉంటున్నారు. వచ్చే ఫిబ్రవరి దాకా ఈవిడ ఇక్కడ పని చేస్తే గోడలు లేచి కప్పు పడుతుంది. ఏడాది.

రేపటి నుంచి కోపం వస్తే పది అంకెలు లెక్కపెడతాను. నేను చదివిన సంఘం కరపత్రాల్లో ఈ ఉపాయం ఎక్కడా లేదు. అయినా మంచిదే.

ఫిబ్రవరి 10

ఏడు దాకా లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 21. శుక్రవారం

జంతువులతోపాటు వచ్చిన పన్నెండు ఇంగ్లీషు కాగితాల్లో ఎనిమిది పూర్తి చేశాను. ఒక్కో మాటకు డిక్షనరీ. నాసర్ వాటిని ఒక్కసారి కూడా తిప్పలేదు. ఈ దేశంలో ఆ కాగితాలు చదివింది నేనొక్కడినేనేమో.

ఇవాళ తేలిన సంగతి: ఈ జాతి గుడ్లు పెట్టదు. పిల్లల్ని కంటుంది. నేను అక్టోబరు నుంచి ఆడదానికి ఇసుక తొట్టి సిద్ధం చేసి కూర్చున్నాను.

ఆడదానికి కొమ్ముల్లేవు. సత్యక్క దానికి వాళ్ళమ్మ పేరు పెట్టింది, బుల్లెమ్మ. "మా అమ్మ కూడా ఇంతే, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను వీధి మీద." నిజమే, దాని రెండు కళ్ళూ రెండు వైపులకు తిరుగుతాయి. పొట్ట పక్కలకు ఉబ్బుతోంది. చెబితే సత్యక్క వేళ్ళు మడిచి లెక్క వేసింది.

"కార్తీకంలో కదా రెండిట్నీ ఒక చోట వదిలావు? అయితే వైశాఖంలో పురుడు. నేనున్నానుగా, నీకెందుకు."

"గుడ్లగూబ లెక్క చూడకు, ఇది నీకు ఏమైతది రా?" అన్నాడు దేవన్న కిటికీ దగ్గర నిలబడి. "ఊర్ల ఉన్నప్పుడు తొండ కనవడితే రాయి వెట్టి కొడితివి. దుబాయి అచ్చి ఊసరవెల్లికి కాన్పు చేస్తానంటున్నవు. మీ అమ్మ నాగవ్వకు తెలుస్తే గుండె వల్గుతది." మా ఊరివాళ్ళకు ఈ సముద్రపు దేశాలన్నీ దుబాయే.

"తొండను కొట్టుడు తప్పేనే కాక," అన్నాను. "అప్పుడు నాకు చదువు లేదు."

మార్చి 14

సత్యక్క అడిగింది: "పుట్టిన పిల్లలకి కొమ్ములెప్పుడొస్తాయి?"

"మగవాటికి నాలుగైదు నెలలకు కనవడ్తయట."

"అయితే నేనుండగానే వస్తాయి." ఇంటికెళ్ళి కూతురు లక్ష్మీదుర్గకు చెప్పాలట, కొమ్ములు మొలవడం చూశానని. ఎనిమిదేళ్ళ పిల్ల. "ఆవుకు కొమ్ములొచ్చినట్టే వస్తయ్," అన్నాను. "ఆవు సంగతి చెబితే అది నవ్వుద్ది. దుబాయ్ కొమ్ములు కావాలి దానికి," అంది.

మార్చి 20

సత్యక్క బుల్లెమ్మ పంజరానికి నల్లదారం కట్టింది. దిష్టట. విప్పేశాను. విప్పి ఊరుకోలేదు. గంటసేపు మాట్లాడాను. మూఢనమ్మకం అంటే ఏమిటి, అది ఎవరికి లాభం, మనిషి చేతిలో ఉన్న బుద్ధిని వదిలేసి దారాన్ని నమ్మడం ఏమిటి. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. చివర "ఎంత బాగా చెబుతావు తమ్ముడూ. నువ్వు మా ఊళ్ళో మేష్టారుగా ఉండాల్సినోడివి," అంది.

రమ సంగతి చెప్పలేదు. మా చెల్లె. కామెర్లొస్తే దవాఖానకు తీసుకుపోకుండా పసరు పోశారు, తొమ్మిది రోజులు. పోయింది. నాకప్పుడు పదమూడు. అమ్మ ఇప్పటికీ "పసరు మంచిదే బిడ్డా, మన రాతే మంచిగలేదు" అంటుంది. అమ్మతో నేను ఆ మాట మీదే మాట్లాడటం మానేశాను.

ఏప్రిల్ 29

మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. గది ముప్పై ఆరు డిగ్రీలకు పోయింది. ఈ జంతువు ముప్పై దాటితే తట్టుకోదు. బుల్లెమ్మ తెల్లగా పాలిపోయి నోరు తెరిచింది. నేను అరిచాను. ఎవరి మీద అరిచానో కూడా తెలియదు. సత్యక్క ఫ్రిజ్‌లో ఐసంతా బేసిన్లో కుమ్మరించి, తడిపిన గోనెసంచులు తెచ్చి పంజరం చుట్టూ కట్టి, చాటతో విసరడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చేదాకా రెండు గంటలు. ఆవిడ చెయ్యి మార్చుకుంటూ విసిరింది. నేను చిల్లులు పొడిచిన సీసాతో ఆకుల మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు వదిలాను. గిన్నెలో పోస్తే తాగవు ఇవి, ఆకు మీది చుక్కనే తాగుతాయి.

బుల్లెమ్మ నాలుక చాపి ఒక చుక్క అందుకుంది. సత్యక్క చాట కింద పడేసి ఏడ్చింది.

ఇలాంటి మనిషికి నల్లదారం దేనికి? చేతులున్నాయి కదా.

మే 14. బుధవారం

పందొమ్మిది.

పొద్దున్నుంచి బుల్లెమ్మ కొమ్మ దిగి నేల మీద తిరుగుతోంది. పది గంటలకు మందార కొమ్మెక్కి ఒకదాన్ని వదిలింది. సన్నటి పారదర్శకమైన తిత్తి, అందులో చుట్టచుట్టుకున్న పిల్ల. ఆకు మీద పడి అతుక్కుంది. కదల్లేదు. చచ్చిపుట్టిందనుకున్నాను. సత్యక్క నా మోచెయ్యి పట్టుకుని "ఆగు" అంది. నిమిషం. పిల్ల ఒళ్ళు విరుచుకుంది, తిత్తి పగిలింది, కళ్ళు తెరిచింది, రెండు కళ్ళూ రెండు వైపులకు. నడక. పుట్టిన నిమిషానికి కొమ్మ పట్టుకుని పైకెక్కేస్తోంది. నా చిటికెన వేలిలో సగం కూడా లేదు. గోధుమరంగు, మధ్యలో తెల్లచుక్కలు.

నాలుగు గంటలు అలాగే. ఒకటి, ఆగడం, ఇంకొకటి. మేమిద్దరం నేల మీద కూర్చుని చూశాం. పిల్లలు తల్లి వంక చూడలేదు. తల్లీ చూడలేదు.

"మా లక్ష్మీదుర్గ కూడా ఇంతే, నేను బస్సెక్కుతుంటే ఇటు తిరగలేదు," అంది సత్యక్క. నా వైపు తిరిగి, "పెళ్ళికాని పిల్లోడివి, పురుడు పొయ్యడం నేర్చుకున్నావు. మీ ఆవిడ అదృష్టవంతురాలు."

నాసర్ వచ్చి లెక్కపెట్టుకుని ఫోటోలు తీసుకున్నాడు. ఈ సముద్రం చుట్టుపక్కల ఏ దేశంలోనూ ఎవరి దగ్గరా ఇవి పుట్టలేదట. నా భుజం తట్టాడు. నాకు ఆ చెయ్యి నచ్చలేదు. కానీ సంతోషం ఆగలేదు.

మే 15

పిల్లలకు తిండి. ఇలకోళ్ళు, అదే కీచురాళ్ళు, పెద్దవి, నోట పట్టవు. తొమ్మిదో కాగితంలో దొరికింది: మొక్కల మీది పేనుబంక, ఆకుల రసం పీల్చే సన్న పురుగు, అతి శ్రేష్ఠం. డిక్షనరీలో ఆ మాట వెతికి, బొమ్మ చూసి, ఎగిరి గంతేశాను. దేవన్న అలసంద పాదులో కావలసినంత ఉంది. వెళ్ళి తెల్ల కాగితం పట్టి దులిపితే జలజలా రాలాయి. ఊరి చేలల్లో గోటితో గీకినా వదిలేవి కావు. ఇక్కడివి అమాయకమైనవి.

పదహారు పిల్లలు నాలుక విసిరి పట్టుకుని తిన్నాయి. పుట్టి ఒక్క రోజు. మూడు మాత్రం నీరసంగా అడుగునే ఉన్నాయి, పెద్దవి తొక్కేస్తున్నాయి. సత్యక్క వాటిని వంటింటి కిటికీలో చిన్న కుండీ పెట్టి, దాని మీద వలమూత బోర్లించి ఉంచింది. అరటితొక్కలు వేసి సన్న ఈగల్ని రప్పిస్తోంది. నేను నవ్వాను. కాగితాల్లో పేనుబంక శ్రేష్ఠం అని ఉండగా అరటితొక్కల ఈగలు.

తోటలో దేవన్న అలసంద గురించి ఏదో చెప్పబోయాడు. ఆపేశాను. రేపటి నుంచి ఆయన్ని ముహర్రఖ్‌లో పెద్ద కఫీల్ ఇంటికి మొక్కలు నాటడానికి పంపుతున్నారు, నెల రోజులు, అడగకుండానే. "నువ్వు అడ్డం చెప్పాలె కాక, నీకూ నోరుంది," అని చాలాసేపు చెప్పాను. ఆయన "నువ్ ముందుగాల నా మాట ఇను రా" అన్నాడు. వినడం కాదు, ఎదిరించడం నేర్చుకోవాలి మనవాళ్ళు.

మే 16. శుక్రవారం

మూడు పూటలా పేనుబంక. పిల్లల పొట్టలు గుండ్రంగా. దేవన్న వెళ్ళిపోయాడు.

మే 17

పది దాకా లెక్కపెట్టలేదు. ఒకటి కూడా లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నం పిల్లల గది తలుపు తీస్తే పొగ. సత్యక్క మేడం ధూపం వేసే గిన్నెలో నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, చీరచెంగుతో పంజరాల వైపు విసురుతోంది. పుట్టి మూడు రోజులయ్యాయట. పురిటి బిడ్డలకు స్నానం అయ్యాక పొగ వెయ్యాలట, లేకపోతే జలుబు, దిష్టి, ఏవేవో. "చిటికెడే వేశాను తమ్ముడూ. వంటింట్లో వాటికి ముందేశాను, ఏమీ కాలేదు. హాయిగా ఉన్నాయి."

గిన్నె లాక్కుని బయటికి విసిరాను. నిప్పులు గుమ్మం మీద పడ్డాయి. ఏమన్నానో అంతా రాయను.

సాయంత్రం రెండు పిల్లలు ఆకు వదిలి కింద పడి ఉన్నాయి. లేపి పెట్టాను. మళ్ళీ పడ్డాయి.

మే 18

పదకొండు పోయాయి.

మే 19

మిగతా అయిదు. పొద్దున ఏడింటికి చివరిది. అది నా వేలిని తోకతో పట్టుకుని ఉంది. పట్టు వదల్లేదు, చచ్చిపోయాక కూడా. నేను విప్పాల్సి వచ్చింది.

నాసర్ వచ్చాడు. "క్యా హువా?" అన్నాడు. చెప్పాను. ఈమె పొగ పెట్టింది. ఊపిరితిత్తులు ఆవగింజంత ఉంటాయి వీటికి, పొగకు తట్టుకోవు, అని హిందీలో, అరబ్బీలో, వచ్చినంత ఇంగ్లీషులో. ఆవిడను పిలిపించాడు. సత్యక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"మా ఊళ్ళో పురిటి పిల్లలందరికీ వేస్తామండి. నా చేత్తో ఎంతమందికో వేశాను," అంది.

"వేసినవ్," అన్నాను తెలుగులో. "అందులో ఎందరు సచ్చిండ్రో ఎన్నడన్న లెక్క తీసినవా?"

ఆవిడ నా వంక చూసింది.  నాసర్ "ఖలాస్" అన్నాడు.

న్యాయమే. తప్పు చేసినవాళ్ళు నావాళ్ళయితే ఒక నీతి, కానివాళ్ళయితే ఒక నీతి ఉండకూడదు. రమ విషయంలో ఎవరూ ఏమీ అనలేదు, అందరూ రాత అన్నారు. ఎవరో ఒకరు అనాలి.

మే 20

ఆవిడకు ఇంటికి టికెట్ తీశారట. ఇంతదాకా పోతుందనుకోలేదు. గట్టిగా మందలిస్తారు అనుకున్నాను.

మే 22. గురువారం

పొద్దున కారు వచ్చింది. ఒక రేకు పెట్టె, ఒక దుప్పటి మూట. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, ఎందుకున్నానో. "ఇల్లు..." అని ఏదో అనబోయాను.

ఆవిడ కారెక్కుతూ ఆగింది.

"ఎల్లొస్తానండి," అంది. "ఆ మూడిటికీ అరటితొక్కలు రోజూ మార్చండి. పాతవి పెడితే తేనెచీమలు పడతాయి."

అండి.

మే 26

తొక్కలు మార్చాను. మూడూ ఉన్నాయి.

జూన్ 1

మూడూ బతికే ఉన్నాయి. వాటికీ పొగ తగిలింది, ముందు వాటికే వేశానంది. కానీ వంటింట్లో కిటికీ ఉంది, గాలి ఆడుతుంది, పొగ నిలవదు. పిల్లల గదికి కిటికీ లేదు. అదే కారణం. ఇంకో కారణం ఉండటానికి వీల్లేదు.

బుల్లెమ్మ కూడా అదే గదిలో ఉంది, దానికేమీ కాలేదు. పెద్దది కాబట్టి.

జూన్ 4

కొత్త వంటమనిషి వచ్చింది, సిలోనావిడ. వలమూత తనకు కావాలంది. ఇవ్వలేదు. అరిచాను. వలమూత కోసం.

జూన్ 9

కిటికీ లేదు కాబట్టే. సందేహం లేదు.

జూన్ 13. శుక్రవారం

దేవన్న ముహర్రఖ్ నుంచి తిరిగొచ్చాడు. సత్యక్క సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, నాతో మాట్లాడలేదు. నేనే తోటలోకి వెళ్ళాను. అలసంద పాదు పీకేస్తున్నాడు.

"ఎందుకు పీకుతున్నవే? పేనుబంక నాకు పనికొస్తుండె."

ఆయన చెయ్యి ఆగింది. "పేనుబంకా? నీకెందుకు?"

"పిల్లలకు వెట్టిన. పుట్టినప్పుడు."

"ఎన్నడు?"

"పుట్టిన తెల్లారి. మూడొద్దులు."

దేవన్న మట్టి చేతులు అలాగే పెట్టుకుని మడిలో కూర్చుండిపోయాడు. "పిల్లలు వుట్టిన్నాడు పొద్దుగాల్నే మందు కొట్టిన గదరా ఈ పాదుకు. నీకు జెప్పవోతిని. ముట్టకు, మందు కొట్టిన, వారం దాక ముట్టకు అని. నువ్ ఇన్నవా? నన్ను షేకుతోని కొట్లాడుమంటివి గని నా మాట ఇన్నవా?"

నేను గదిలోకి వచ్చి ఈ పుస్తకం తిప్పాను. మే 15. నా చేతి రాతే.

"జలజలా రాలాయి. ఊరి చేలల్లో గోటితో గీకినా వదిలేవి కావు."

"దేవన్న అలసంద గురించి ఏదో చెప్పబోయాడు. ఆపేశాను."

పత్తి చేను పండించిన ఇంట్లో పుట్టినవాణ్ణి. మందు కొట్టిన మర్నాడు పురుగు ఎలా రాలుతుందో అయిదేళ్ళప్పుడే చూశాను. కాగితం పట్టి దులిపాను. అమాయకమైనవని రాసుకున్నాను.

జూన్ 14

రేపు నాసర్‌కు చెబుతాను.

జూన్ 15

రేపు.

జూన్ 18

నాసర్ ఊళ్ళో లేడు. వచ్చాక.

జూన్ 19

ఊళ్ళోనే ఉన్నాడు. చూశాను.

జూన్ 27. శుక్రవారం

చెప్పాను.

నాసర్ కొత్త డేగ కొన్నాడు, దాని తలకు తోలుటోపీ తొడుగుతున్నాడు. మొత్తం చెప్పాను. మందు, పురుగు, నేను. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ చూసిన మూడే బతికాయి, ఆవిణ్ణి మళ్ళీ పిలిపించండి, కావాలంటే నన్ను పంపెయ్యండి. జీవితంలో ఎవరినీ ఇలా బతిమాలలేదు.

అతనికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

"వీసా క్యాన్సిల్ హో గయా భాయ్. కొత్త మనిషి వచ్చింది. అయినా నాకేం తెలుసు పొగ అని? నువ్వు చెప్పావు. అంత గట్టిగా చెప్పావు. నువ్వు చదువుకున్నవాడివి కదా." టోపీ దారం బిగించాడు. "నువ్వుండు. ఆ మూడూ నువ్వే ఉంచుకో. నాకు ఈ పక్షి చాలు."

నాకు శిక్ష కూడా దొరకలేదు.

జూలై 6

బుల్లెమ్మ పోయింది. కాన్పు తర్వాత కోలుకోలేదు, ఇలకోళ్ళను పట్టడం మానేసి పది రోజులైంది. మందార కుండీలో పాతిపెట్టాను. దేవన్న వచ్చి మట్టి వేశాడు. జోకు వెయ్యలేదు.

జూలై 11

ఉత్తరం రాయడం. మొదటిది నాలుగు పేజీలు, చించేశాను. అందులో శాస్త్రీయ దృక్పథం అన్న మాట రెండుసార్లుంది. రెండోదీ చించేశాను. ఆరోది పోస్టు చేశాను.

"సత్యక్కా, పిల్లలు చచ్చింది నీ పొగకు కాదు. దేవన్న మందు కొట్టిన పురుగుల్ని నేను తినిపించాను. చంపింది నేను. నిన్ను పంపించింది నేను. మూడు పిల్లలు బాగున్నాయి, తొక్కలు రోజూ మారుస్తున్నాను. భూమేష్."

ఆవిడకు చదువు రాదు. లోవరాజు చదివి వినిపిస్తాడు.

ఆగస్టు 3

ఉత్తరం రాలేదు.

ఆగస్టు 22

రాలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే రాయను.

సెప్టెంబరు 12. శుక్రవారం

వచ్చింది. లోవరాజు రాశాడు. ఇక్కడ అతికించుకుంటే చినిగిపోతుందేమోనని చూసి రాసుకుంటున్నాను.

"భూమేష్ గారికి నమస్కారములు. మీ ఉత్తరం అందింది. పనికి వేరే ఊళ్ళు తిరగటం వల్ల ఆలస్యమయ్యింది. గోడలు నడుమెత్తు లేచి ఆగినాయి. ఈ వర్షాకాలం కూడా పరదాయే. నేను కొత్త కొబ్బరి మొక్కలకి గోతులు తవ్వటానికి వెళ్తున్నాను. అవి కాపుకొచ్చేటప్పటికి నేను ఎక్కగలనో లేదో.

మీ ఉత్తరం మా ఆవిడకి రెండుసార్లు చదివాను. నమ్మలేదండి. ఆ అబ్బాయి మంచోడు, జాలి పడి అలా రాశాడు, చదువుకున్నోడు ఆ రోజు అన్నదే నిజం అంటంది. ఊళ్ళో ఇదివరకు పురుడొస్తే ఈమెనే పిలిచేవారు. ఇప్పుడు పిలిస్తే వెళ్ళటం లేదు. సొంత అన్నగారి మనవడికి కూడా పొగ వెయ్యలేదు. నా చెయ్యి మంచిది కాదంటంది.

మీకు తెలీదనుకుంటాను. మా పెద్ద పిల్ల పుట్టిన మూడో నెలలో పోయింది. పన్నెండేళ్ళయ్యింది. జొరమొచ్చి పోయింది. అప్పుడు ఎవరం ఏమీ అనుకోలేదు. ఇప్పుడు, దానికి కూడా నా చేత్తోనే పొగేశాను కదా, అంటంది. పొద్దస్తమానం అదే. మిమ్మల్ని తప్పు పట్టి రాయటం లేదండి. ఆవిడ మీ గురించి ఒక్క మాట అనదు. ఆ మూడు పిల్లలూ ఎలా ఉన్నాయో కనుక్కోమంది. ఇట్లు, లోవరాజు."

సెప్టెంబరు 13

అందులో ఎందరు సచ్చిండ్రో ఎన్నడన్న లెక్క తీసినవా.

తీసింది. ఒక్కరు.

సెప్టెంబరు 14

నేను ఇంతవరకూ ఎంతమందికి ఎన్ని గంటలు చెప్పానో. ఎవరూ నమ్మలేదు. దేవన్న నవ్వాడు, అమ్మ మొహం తిప్పుకుంది, అస్కర్ క్యాంపులో కరపత్రాలు పరుపు కింద పరుచుకున్నారు. నా మాట నమ్మిన మనిషి ఒక్కతే.

సెప్టెంబరు 30

మళ్ళీ రాయలేను. రాసింది ఆవిడ నమ్మదు. రాతలో నేను మంచోణ్ణి అవుతాను.

అక్టోబరు 3. శుక్రవారం

దేవన్నే అన్నాడు: "రాస్తే నమ్మదు రా. నేను మాట్లాడ్త. క్యాసెట్ల." వాళ్ళావిడ భీమవ్వకు ఎప్పుడూ క్యాసెట్లే పంపుతాడు, ఇద్దరికీ చదువు రాదు.

మధ్యాహ్నం ఆయన గదిలో తలుపేసి, ఫ్యాను ఆపి, టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాం. దేవన్న గొంతు సవరించుకున్నాడు.

"సత్యమ్మా, నేను దేవన్నను. మంచిగున్నవా బిడ్డా. నేను అబద్ధం జెప్పనని నీకెరికే. అలసందకు మందు కొట్టింది నేను. ముట్టకు అని జెప్పవోయింది నేను. ఇనంది ఈడు. ఈడు జాలితోని రాసిండని నువ్వనుకుంటున్నవట. ఈనికి జాలెక్కడిది, ఈనికి నోరే ఉన్నది. నీ పొగ ఏం జెయ్యలే. నీ బిడ్డ గూడ పొగకు పోలే. నీ చెయ్యి సల్లని చెయ్యి. ఎవరన్న పిలుస్తే పో బిడ్డా."

నా వైపు తోశాడు. మీట నొక్కాను. చెప్పాల్సింది అంతా ఆయన చెప్పేశాడు.  టేపు తిరుగుతూనే ఉంది. దేవన్న ఆపేశాడు. "రేపు జెప్పు," అన్నాడు.

అక్టోబరు 10

ఇంకా చెప్పలేదు. సత్యకుమారి అని మొదలుపెట్టాలా, అక్కా అని మొదలుపెట్టాలా. అక్కా అనే హక్కు ఉందా. పది అంకెలు లెక్కపెట్టి మీట నొక్కుతాను, మళ్ళీ ఆపుతాను.

అక్టోబరు 17. శుక్రవారం

పొద్దున వంటింటి కిటికీలో నీళ్ళు చల్లుతుంటే చూశాను. మూడిట్లో రెండు మగవి. ముందు మచ్చలనుకున్నాను. వేలితో తడిమాను. ముక్కు మీద ఒకటి, కళ్ళ పైన రెండు. ఆవగింజంత. గరుగ్గా, గట్టిగా తగిలాయి. రెండోదానికీ ఉన్నాయి.

వంటింట్లో నిలబడి ఎవరికి చెప్పాలో తెలియక చుట్టూ చూశాను. సిలోనావిడ ఉల్లిపాయలు తరుగుతోంది.

దేవన్న గదికి వెళ్ళాను. క్యాసెట్ చివర ఇంకా కొంచెం జాగా ఉంది. లెక్కపెట్టలేదు. మీట నొక్కి చెప్పాను.

"అక్కా, కొమ్ములొచ్చినయ్. నువ్వు పొగ వేసిన పిల్లలకే."